పుస్తకాల కన్నా ముందు రిజిస్టర్లు: హైదరాబాద్ గ్రంథాలయాల పెద్దలకు బహిరంగ లేఖ

పౌర గ్రంథాలయ శాఖ సంచాలకుల వారికి,
హైదరాబాద్ నగర గ్రంథాలయ సంస్థ పాలకవర్గానికి, కార్యదర్శి గారికి,
శాఖా గ్రంథాలయాల గ్రంథపాలకులందరికీ,

నమస్కారాలు.

గ్రంథాలయంలో పాత సామాను సర్దే పని మొదలైతే ముందుగా గడప దాటేది పుస్తకం కాదు. పుస్తకానికి నంబరు ఉంటుంది, లేకపోతే ఆడిట్ అడుగుతుంది. కుర్చీకి, బీరువాకి కూడా స్టాకు లెక్క ఉంటుంది. ఏ లెక్కలోనూ లేనివి ఆ లెక్కలు రాసిన రిజిస్టర్లే. రిజిస్టర్లు ఎన్ని ఉన్నాయో రాసిపెట్టే రిజిస్టర్ చాలా చోట్ల ఉండదు. అట్టలూడి మెట్ల కింద దొంతరగా పడి ఉన్నవి, అందులోనూ ఉర్దూలో ఉన్నవి, 'పాత కాగితాలు' అనే ఒక్క మాటతో తూకానికి వెళ్లిపోతాయి.

మా విన్నపం ఒక్కటే. చిరిగిన పుస్తకాల తొలగింపు గానీ, భవనం మరమ్మతు గానీ, స్కానింగ్ గానీ మొదలుపెట్టే ముందు ప్రతి గ్రంథాలయంలోని రిజిస్టర్లను లెక్కపెట్టించండి. ఆ లెక్క పూర్తయ్యే దాకా ఒక్క పాత రిజిస్టర్ కూడా గేటు దాటకుండా రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. ఎందుకో, ఎలాగో ఈ లేఖలో వివరంగా రాస్తున్నాం.

హైదరాబాద్ గ్రంథాలయాలు ఒకే వేరు నుంచి పెరిగినవి కావు. 1891లో నవాబ్ ఇమాద్ ఉల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ పూనికతో ఆసఫియా గ్రంథాలయం ఆబిడ్స్ ప్రాంతంలో మొదలైంది. అది సర్కారు సొమ్ముతో నడిచింది. అరబ్బీ, ఫారసీ, ఉర్దూ గ్రంథాలు, రాతప్రతులు దాని బలం. పదేళ్ల తర్వాత, 1901 సెప్టెంబర్ 1న, రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పుట్టింది. దాని వెనక కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు ఉన్నారు. అది చందాలతో, విరాళాలతో నడిచింది. అది ఉన్న సుల్తాన్‌బజార్ ప్రాంతం అప్పట్లో రెసిడెన్సీ బజార్లలో భాగం, 1933 దాకా బ్రిటిష్ రెసిడెంట్ అధికారం కింద ఉండేది. తెలుగు సంస్థ ఒకటి నగరంలో ఆ మూలనే వేళ్లూనుకోవడంలో ఈ సంగతికీ పాత్ర ఉంది. 1904లో హన్మకొండలో రాజరాజనరేంద్ర, 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధని గ్రంథాలయాలు దాని వెనకే వచ్చాయి. శాలిబండలో భారత గుణవర్ధక సంస్థ 1895 నుంచే మరాఠీ పాఠకుల కోసం పనిచేస్తోంది.

అంటే ఒకే ఊళ్లో సర్కారు లెక్కలు ఉర్దూలో, తెలుగు సంఘాల లెక్కలు తెలుగులో, మరాఠీ వారివి మోడీ అనే గొలుసుకట్టు లిపిలో, దేవనాగరిలో సాగాయి. వీటిని పక్కపక్కన పెట్టి చదివితే తప్ప నగర గ్రంథాలయ చరిత్ర తేలదు. సావనీర్లలో అచ్చయ్యే చరిత్రలో శంకుస్థాపనలు, అధ్యక్షుల పేర్లు ఉంటాయి. ఏ సంవత్సరం ఏ పుస్తకం కొన్నారు, ఎవరు దానమిచ్చారు, ఏ భాష పుస్తకాలు ఎప్పుడు తగ్గాయి అన్నవి రిజిస్టర్లోనే ఉంటాయి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఇంకొకటి ఉంది. బ్రిటిష్ ఇండియాలో 1867 నాటి ప్రెస్సు, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం వల్ల మద్రాసు రాజధానిలో అచ్చయిన చాలా తెలుగు పుస్తకాలకు ఎక్కడో ఒక చోట నమోదు మిగిలింది. నిజాం రాజ్యానికి ఆ చట్టం వర్తించలేదు. స్వాతంత్ర్యం తర్వాత 1954లో వచ్చిన పుస్తకాల అప్పగింత చట్టం ప్రకారం ప్రతులు అందుకునే నాలుగు గ్రంథాలయాలు కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఢిల్లీల్లో ఉన్నాయి, హైదరాబాద్ అందులో లేదు. కాబట్టి 1948కి ముందు హైదరాబాద్‌లో, వరంగల్‌లో అచ్చయిన ఒక చిన్న తెలుగు పుస్తకం ఉండేదనడానికి చాలాసార్లు ఈ ఊరి గ్రంథాలయ రిజిస్టర్‌లోని ఒక్క వరసే ఆధారం. పుస్తకం పోయినా వరస మిగిలితే దాన్ని వెతకొచ్చు. వరస కూడా పోతే వెతకాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

ఆ వరస ఎలా ఉంటుందో దగ్గరగా చూపిస్తాం. ఇలాంటి నమోదు ఒకటి ఊహించండి: తేదీ '12 ఖుర్దాద్ 1338', ఆ పక్కన యాక్సెషన్ నంబరు (పుస్తకం గ్రంథాలయంలో చేరినప్పుడు ఇచ్చే వరస సంఖ్య), గ్రంథకర్త, పుస్తకం పేరు, అచ్చయిన ఊరు మద్రాసు, ధర '1-2-8'. చివరి గడిలో ఎర్ర సిరాతో ఒక కొట్టివేత.

1338 హిజ్రీ కాదు, ఫస్లీ. హైదరాబాద్ సర్కారు ఫస్లీ సంవత్సరం ఆజర్ నెలతో, అంటే అక్టోబర్ 6 ప్రాంతంలో మొదలయ్యేది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే నెలలకు 590, జనవరి తర్వాతి నెలలకు 591 కలిపితే మన సంవత్సరం వస్తుంది. ఖుర్దాద్ ఏడో నెల కాబట్టి ఇది 1929 ఏప్రిల్. తెలియని ఆపరేటర్ హిజ్రీ అనుకుంటే 1338 కాస్తా 1919-20 అయిపోతుంది, ఒక్క దెబ్బకు తొమ్మిది పదేళ్లు వెనక్కి పోతాం. ఎంట్రీ ఒకసారి అలా కంప్యూటర్‌లోకి ఎక్కిందంటే దిద్దేవాళ్లు ఉండరు. నెల పేరు చూస్తే తేడా తెలిసిపోతుంది: ఆజర్, దై, బహమన్, ఇస్ఫందార్ వగైరా అయితే ఫస్లీ, మొహర్రం, సఫర్, రజబ్ అయితే హిజ్రీ. ఈ చిన్న పట్టికను స్కానింగ్ గది గోడకు అంటించండి చాలు.

ధర 1-2-8 చూస్తే విడ్డూరంగా ఉంటుంది. రూపాయి రెండణాల ఎనిమిది పైలు పెట్టి ఎవరైనా పుస్తకానికి ధర కడతారా? కట్టరు. అది నిజాం సొంత నాణెం హాలీ సిక్కా లెక్క. 7 హాలీ రూపాయలు 6 కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయలకు సమానం, అంటే ఒక కల్దార్ రూపాయికి సరిగ్గా 1-2-8 హాలీ. పుస్తకం వెల మద్రాసులో ఒక రూపాయి, ఇక్కడి ఖజానా చెల్లించింది 1-2-8. ఆ అంకె చూస్తేనే పుస్తకం బయటి నుంచి తెప్పించినదని తెలుస్తుంది. ధర గడిని 'అక్కర్లేని సమాచారం' అని డేటా ఎంట్రీలో వదిలేయడం మామూలైపోయింది. దయచేసి వదలనివ్వకండి.

ఆసఫియా అఫ్జల్‌గంజ్ మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి 1936లో మారింది. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరద తర్వాత నదీతీరాన్ని తీర్చిదిద్దే పనిలో హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. వాటి వరసలోనే ఈ గ్రంథాలయమూ వచ్చింది. చాన్నాళ్లకు రాతప్రతులు ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీకి వెళ్లాయి. ఇలా సేకరణ రెండుగా చీలిన ప్రతిసారీ ఒక బదిలీ జాబితా పుడుతుంది. ఆ జాబితా పంపిన చోట ఒకటి, అందుకున్న చోట ఒకటి ఉండాలి. రెండింటినీ పోల్చి చూస్తే తప్ప దారిలో ఏం మిగిలిపోయిందో తెలియదు.

1955లో హైదరాబాద్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది, ఆసఫియా రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అయింది. కోస్తా, సీమ జిల్లాల్లో అప్పటికే 1948 నాటి మద్రాసు చట్టం నడుస్తోంది. 1956 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో ఉమ్మడి చట్టం వచ్చే దాకా ఒకే రాష్ట్రంలో రెండు గ్రంథాలయ చట్టాలు నడిచాయి. 1960 చట్టంతో జిల్లాకొక జిల్లా గ్రంథాలయ సంస్థ, ఈ నగరానికి నగర గ్రంథాలయ సంస్థ ఏర్పడ్డాయి. ఆ మార్పులో పాత శాఖల పుస్తకాలకు కొత్త నంబర్లు వేసిన చోట్ల ఒకే పుస్తకం మీద రెండు యాక్సెషన్ నంబర్లు కనిపిస్తాయి, పాతది గీత కొట్టి, కొత్తది పక్కన. పాత నంబరును దిద్దుబాటు అనుకుని వదిలేస్తే ఆ పుస్తకం 1960కి ముందు ఎక్కడుండేదో తెలిసే దారి మూసుకుపోతుంది. రెండూ రాయాలి.

హద్దులు ఆ తర్వాతా కదిలాయి. 1978లో రంగారెడ్డి జిల్లా విడిపోయింది, 2007లో 12 మున్సిపాలిటీలు మహానగర పాలక సంస్థలో కలిశాయి, 2016లో జిల్లాలే మారిపోయాయి. శివారు గ్రంథాలయం రిజిస్టర్ మీద 'హైదరాబాద్ జిల్లా' అని ముద్ర ఉంటే అది తప్పు కాదు, ఆ ముద్రే దాని వయసు చెబుతుంది. 'మా సంస్థది కాదు' అని ఒకరు, 'మాదీ కాదు' అని ఇంకొకరు వదిలేసేవి ఇలాంటి రిజిస్టర్లే.

పన్ను కాగితాల సంగతి కూడా చెప్పాలి. ఆస్తిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. ఇంటికి ఏడాదికి 2,500 రూపాయల పన్ను పడితే గ్రంథాలయాల వాటా 200. వసూలు చేసేది స్థానిక సంస్థ, ఖర్చు పెట్టేది గ్రంథాలయ సంస్థ. మధ్యలో ఉన్నది నమ్మకం కాదు, డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్ (రావలసింది, వచ్చింది, మిగిలింది) పట్టీ. ఆ పట్టీలో పాత బకాయి, ఈ ఏటి డిమాండ్ వేర్వేరు గడుల్లో ఉండాలి. రెండూ కలిపి ఒకే మొత్తంగా జమ అయితే ఏ సంవత్సరానిది ఎంత వచ్చిందో తర్వాత ఎవరూ విడదీయలేరు. ఆడిట్ పూర్తయిన చలాన్లను పారేసే గడువు మీ ఆఫీసులో ఎంత ఉన్నా, సంవత్సరాంతపు పట్టీలు మాత్రం శాశ్వత రికార్డుగా ఉంచండి. గ్రంథాలయం ఎందుకు అద్దె ఇంట్లో మిగిలిందో, ఏ ఏడాది పుస్తకాల కొనుగోలు ఎందుకు ఆగిపోయిందో చెప్పగలిగేవి అవే.

ఇక పని ఎలా చేయాలో రాస్తాం.

ముందు లెక్క. ప్రతి గ్రంథాలయంలో ఇద్దరు మనుషులు కావాలి. వారిలో ఒకరు ఉర్దూ చదవగలిగి ఉంటే మేలు. బీరువాల పైన, మెట్ల కింద, గ్రంథపాలకుడి బల్ల సొరుగుల్లో, పాత ట్రంకు పెట్టెల్లో వెతకాలి. దొరికిన ప్రతి రిజిస్టర్‌కూ తాత్కాలిక నంబరు రాసిన కాగితపు చీటీ లోపల పెట్టాలి. అట్ట మీద స్టిక్కర్ వద్దు, దాని జిగురు కొన్నేళ్లలో మరకవుతుంది. రాసేది పెన్సిల్‌తోనే. ఏం రాయాలంటే: రిజిస్టర్ రకం, భాష, మొదటి నమోదు తేదీ, చివరి నమోదు తేదీ, మొదటి నంబరు, చివరి నంబరు, పేజీలెన్ని, పరిస్థితి ఎలా ఉంది. అంతే, ఒక రిజిస్టర్‌కు పది నిమిషాలు. మొదటి, చివరి నంబర్లు ఎందుకంటే, ఒక రిజిస్టర్ 8,400తో ముగిసి తర్వాతది 11,201తో మొదలైతే మధ్యలో ఒకటి కనబడడం లేదన్న మాట. అది ఇంకో గదిలో ఉండొచ్చు, పక్క శాఖకు వెళ్లి ఉండొచ్చు. వెతకడానికి అప్పుడొక చిరునామా దొరుకుతుంది.

రిజిస్టర్ అంటే యాక్సెషన్ రిజిస్టర్ ఒక్కటే కాదు. విరాళాల రిజిస్టర్, పత్రికల హాజరు పట్టిక, సభ్యత్వ రిజిస్టర్, రోజువారీ ఇష్యూ లెక్క, తొలగింపు జాబితాలు, సందర్శకుల అభిప్రాయాల పుస్తకం, భవనం అద్దె ఒప్పందాలు, పుస్తక నిక్షిప్త కేంద్రాలకు పెట్టెల్లో పంపిన పుస్తకాల జాబితాలు కూడా అందులోకే వస్తాయి. నిజాం కాలపు తెలుగు సంఘాల ఫైళ్లలో సభలకు అనుమతి కోరిన దరఖాస్తులు కనిపిస్తే వాటిని విడిగా తీసి పెట్టండి. నిజాం సర్కారు గస్తీ నిషాన్ 53 ఉత్తర్వు కింద సభ జరపడానికే ముందస్తు అనుమతి కావలసి వచ్చేది, గ్రంథాలయ వార్షికోత్సవాల పేరుతోనే చాలా మాటలు జరిగాయి.

ఇష్యూ లెక్క పుస్తకాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ముందుగా పారేసేవి అవే. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 215వ నిబంధన ప్రకారం ఏడాదిలో ఇచ్చిన లేదా చదవడానికి తీసిన ప్రతి 1,000 సంపుటాలకు 5 పోవడం సహజ నష్టంగా తీసుకోవచ్చు. నిర్లక్ష్యం, మోసం లేకపోతే ఎవరి మీదా బాధ్యత మోపనక్కర్లేదు. 20,000 దాకా పుస్తకాలుంటే ఏటా తనిఖీ, 50,000 దాకా అయితే మూడేళ్లకోసారి, అంతకు మించితే మూడేళ్ల లోపు నమూనా తనిఖీ. రాష్ట్రానికి తన నియమాలు ఉన్నా కొలమానంగా ఇది పనికొస్తుంది. అయితే ఆ 1,000 ఎక్కడి నుంచి వస్తుంది? ఇష్యూ లెక్కలోంచే. దాన్ని పారేస్తే ఆరు పుస్తకాలు పోయినా గ్రంథపాలకుడు తన జేబులోంచి కట్టాల్సిన పరిస్థితి. ఆ భయంతోనే చాలామంది పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పాఠకుడికి పుస్తకం అందకపోవడానికి కారణం బద్ధకమని అందరూ అనుకుంటారు, చాలాసార్లు కారణం రికవరీ నోటీసు.

పోటీ పరీక్షల విద్యార్థులు తమ పుస్తకాలు తామే తెచ్చుకుని పొద్దుట్నుంచి రాత్రి దాకా కూర్చునే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం లాంటి చోట ఇష్యూ అంకె తక్కువగానే కనిపిస్తుంది. హాజరు అంకె వేరే గడిలో రాయకపోతే రేపు ఎవరైనా 'ఇక్కడ చదివేవాళ్లే లేరు' అని నివేదిక రాయగలరు. గదిలో మాత్రం కుర్చీ దొరకదు.

బాగు చేసే పనిలో జరిగే తప్పులు చాలావరకు మంచి ఉద్దేశంతో చేసినవే. చిరిగిన పేజీకి సెల్లో టేపు అంటిస్తారు. కొన్నేళ్లకు ప్లాస్టిక్ ఊడిపోతుంది, జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి గోధుమరంగు పట్టీగా మిగులుతుంది, దాని కింది అక్షరం పోతుంది. లామినేషన్ అంతకన్నా చెడ్డది, వేడికి కరిగిన ప్లాస్టిక్‌ను వెనక్కి తీయలేం, లోపలి ఆమ్లం బయటికి పోదు. వెన్నుకు ఫెవికాల్ పూస్తే ఎండాక రాయి అవుతుంది, రిజిస్టర్ తెరిచేటప్పుడు పేజీ వెన్ను దగ్గరే విరుగుతుంది. పల్చటి టిష్యూ కాగితం, ఉడికించిన గోధుమ గంజి జిగురు చాలు. నీళ్లు తగిలిస్తే మళ్లీ ఊడి రావడమే దాని గొప్ప గుణం. పాత ఫౌంటెన్ పెన్ను సిరా తడికి పారుతుంది కాబట్టి జిగురు పూసే ముందు ఒక మూల, అక్షరం చివర, తడిపిన దూది మొనతో తాకి చూడాలి. దూదికి రంగు అంటితే అక్కడ తడి పని వద్దు.

బైండింగ్‌కు ఇచ్చేటప్పుడు రెండు మాటలు కచ్చితంగా చెప్పండి: పక్క కుట్టు వద్దు, అంచులు కోయొద్దు. పక్క కుట్టు వెన్ను వైపు అర అంగుళం పైగా తినేస్తుంది. సరిగ్గా ఆ వైపునే కొన్ని పేజీల్లో నంబర్ల గడి ఉంటుంది. కటింగ్ మెషీన్ అంచుల్లోని పెన్సిల్ గుర్తులను తీసుకుపోతుంది. ఇంకొకటి, ఉర్దూ రిజిస్టర్ మన చేతికి వెనకవైపు అనిపించే చోట మొదలవుతుంది. ఆ లిపి తెలియని బైండర్ విడి పేజీలను ఎడమ నుంచి పేర్చి కుట్టేస్తే సంవత్సరాలు తలకిందులవుతాయి. ఇచ్చే ముందే ప్రతి పేజీ మూలలో పెన్సిల్‌తో సంఖ్య వేయండి.

పురుగుల సంగతి: నాఫ్తలీన్ గోళీలు చెదలను చంపవు, మనుషుల ఊపిరికి మంచివీ కావు. బీరువా గోడకు ఆరు అంగుళాలు ఎడంగా, అడుగు అర నేలకు ఆరు అంగుళాలు పైన ఉండాలి. చెద మట్టి గొట్టం గోడ మీద కనబడాలంటే ఆ ఎడం కావాలి. గదిలో తేమ 60 శాతం దాటనివ్వకూడదు. హైదరాబాద్‌లో అది జులై నుంచి అక్టోబర్ దాకా కష్టం, అందుకే ఆ నెలల్లో వారానికోసారి తలుపులు తీసి ఫ్యాను వేయాలి. వాన పడుతున్న రోజు కాదు, ఎండ కాసిన రోజు. వేపాకు పెట్టే అలవాటు ఉంటే పూర్తిగా ఎండిన ఆకే పెట్టండి, పచ్చి ఆకు తేమను తెస్తుంది.

స్కానింగ్ టెండర్‌లో రాయాల్సినవి రాయకపోతే తర్వాత మొత్తుకుని లాభం లేదు. యాక్సెషన్ రిజిస్టర్‌లో ఒక వరస రెండు పేజీల మీదుగా పారుతుంది. ఎడమ పేజీలో నంబరు, పేరు ఉంటే కుడి పేజీలో ప్రచురణకర్త, ధర, తొలగింపు ఉంటాయి. పేజీని పేజీగా స్కాన్ చేస్తే పేరు ఒక ఫైల్లో, ధర ఇంకో ఫైల్లో పడతాయి. రెండు పేజీలూ కలిపి ఒకే చిత్రంగా, పైనుంచి తీసే కెమెరా స్కానర్‌తో తీయాలి. బోర్లా వేసి నొక్కే ఫ్లాట్‌బెడ్ వద్దు, వెన్ను విరుగుతుంది. 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు), రంగులో, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా ఉంచాలి. ఎర్ర సిరా కొట్టివేతలు నలుపు తెలుపులో మామూలు గీతల్లా కనిపిస్తాయి కాబట్టి రంగు తప్పదు. ఫుల్‌స్కేప్ పేజీ ఒకటి ఈ లెక్కన దాదాపు 55 మెగాబైట్లు, 300 పేజీల రిజిస్టర్ 16 గిగాబైట్లు దాటుతుంది. ఆ ఖర్చు ముందే వేసుకోకపోతే మధ్యలో 'జేపెగ్ చాలు' అంటారు, అక్కడ మొదలవుతుంది అక్షరాల చుట్టూ మసక. ఫైలు పేరు తెలుగు పదాలకు ఇష్టమొచ్చిన ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో కాకుండా గ్రంథాలయం కోడ్, రిజిస్టర్ నంబరు, చిత్రం సంఖ్యతో ఉండాలి. పుస్తకం పేర్లను ఒక్కో ఆపరేటర్ ఒక్కో రకంగా ఇంగ్లిష్‌లో రాసిన పాత డిజిటల్ సేకరణల్లో ఉన్న పుస్తకమే వెతికితే దొరకదు.

మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే భవనంలో. స్కాన్ అయిపోయాక అసలు రిజిస్టర్‌ను పారేయొచ్చన్న ఆలోచన ఎవరికైనా వస్తే ముందుగానే మరిచిపోమని మనవి.

తడిసిన రిజిస్టర్లకు వేరే పద్ధతి. 2000 ఆగస్టు వరదలో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అపురూపమైన ఉర్దూ సేకరణ నీళ్లలో మునిగింది. అరల్లోంచి ఉబ్బిన పుస్తకాన్ని లాగితే చీలిపోతుంది, అర పలకను తప్పించి దొంతరగా బయటికి తీయాలి. 48 గంటలు దాటితే బూజు పడుతుంది. ఎండలో పెట్టకూడదు, కాగితం వంకర్లు పోతుంది. నీడలో ఫ్యాను గాలికి, పది పన్నెండు పేజీలకొక తెల్ల న్యూస్‌ప్రింట్ కాగితం పెట్టి, తడిసిన కొద్దీ మార్చాలి. అచ్చయిన వార్తాపత్రిక వాడితే దాని సిరా దిగుతుంది. నునుపు ఆర్టు పేపర్ పేజీలు ఎండితే అతుక్కుని ఇటుక అవుతాయి, వాటిని ముందుగా, తడిగా ఉండగానే విడదీయాలి. అందుకే రిజిస్టర్ల బీరువా ఎప్పుడూ సెల్లార్‌లో వద్దు, పై అంతస్తు కొసన, వాన నీటి గొట్టానికి దూరంగా ఉండాలి.

మేం కోరుతున్నవి పెద్ద నిధులు కావు. నవంబర్ 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. 1919లో అదే రోజున మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ సభ జరిగింది. ఈ ఏటి వారోత్సవాల్లో బ్యానర్లు, వ్యాసరచన పోటీలతో పాటు ప్రతి శాఖ నుంచి ఒక్క పేజీ జాబితా, తన దగ్గరున్న రిజిస్టర్లది, నోటీసు బోర్డు మీద పెట్టించండి. ఒక నకలు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి, ఒకటి రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పంపండి. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం లాంటి ప్రైవేటు సంస్థలు మీ పరిధిలోకి రావు కానీ, ఆ జాబితాల నమూనా వారికీ ఇస్తే వాళ్లూ నింపుతారు. ఉర్దూ రిజిస్టర్లు చదవగలిగిన విశ్రాంత ఉద్యోగులు ఈ నగరంలో ఇంకా ఉన్నారు. వాళ్లకు రోజు భత్యం ఇచ్చి కూర్చోబెట్టే వీలు ఇప్పుడు ఉంది, పదేళ్ల తర్వాత ఉండకపోవచ్చు.

నగర గ్రంథాలయ రికార్డులతో పనిచేసే కొందరు గ్రంథపాలకులు, బైండర్లు, పరిశోధకులు
హైదరాబాద్

తా.క.: రిజిస్టర్ల మధ్య విడి కాగితాలు దొరుకుతాయి. పుస్తకం కోసం రాసిన అర్జీ, వీపీపీ (డబ్బు కట్టి విడిపించుకునే పోస్టు పార్శిలు) రసీదు, ఎవరో మరిచిపోయిన పోస్టుకార్డు లాంటివి. వాటిని ఊడ్చేయకండి, అలాగని ఒకచోట కట్టగా కూడా కట్టకండి. దొరికిన చోటి పేజీ సంఖ్యను పెన్సిల్‌తో ఒక కవరు మీద రాసి, కాగితం అందులో పెట్టి, ఆ కవరును అదే పేజీలో ఉంచండి. పిన్నులు మాత్రం తీసేయండి, తుప్పు పట్టి రెండు వైపులా చిల్లు చేస్తాయి.